ఇది ఒకటా, ఎల్లా?

అంబాజీపేటలో మా బాబాయ్‌ది కొబ్బరికాయల వ్యాపారం. మొన్న సంక్రాంతి ముందు కొత్త బిల్లు పుస్తకాలు కొట్టించాడు. కింద యూపీఐ ఐడీ వాలు అక్షరాల్లో వేయించాడు, అందంగా ఉంటుందని. అందులో ఒక స్మాల్ ఎల్ ఉంది. డబ్బులు వేసేవాళ్లు దాన్ని ఒకటి అనుకుని కొట్టడం, ఫోన్‌లో ఇంకెవరి పేరో రావడం, మళ్లీ బాబాయ్‌కి ఫోన్ చెయ్యడం, రోజూ ఇదే గోల. చివరికి పుస్తకం నా ముందు పెట్టి "ఒరే, నువ్వు అక్షరాలు గీస్తావు కదా, ఇది ఒకటా, ఎల్లా?" అన్నాడు. దగ్గరగా పెట్టుకుని చూసినా నాకూ తేలలేదు. ఎల్‌కి తల దగ్గర ఎడమవైపు చిన్న ముక్కు, ఒకటికీ అదే ముక్కు, రెండూ ఒకే పక్కకి ఒరిగి ఉన్నాయి.

అప్పటినుంచి నేను గీస్తున్న ఫాంట్‌లో ఇటాలిక్, అంటే వాలు అక్షరాల పనే పట్టుకుని కూర్చున్నాను. నిలువు అక్షరాల్ని పది డిగ్రీలు పక్కకి వంచేస్తే ఇటాలిక్ అయిపోదు. 1500 ప్రాంతంలో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణశాల కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన మొదటి ఇటాలిక్ అచ్చు అక్షరాలకి మూలం చేతిరాత. అంటే కలం ఎటు తిరుగుతుందో అదే మనకి ఆధారం. ఎల్ రాసేటప్పుడు కలం కింద కుడివైపుకి తిరిగి పైకి లేస్తుంది కాబట్టి దానికి ఆ తోక ఇచ్చాను. ఒకటికి తోక లేదు, కింద అడ్డగీత ఉంది. క్యాపిటల్ ఐకి పైనా కిందా అడ్డగీతలు. తోక కాస్త సాగితే చాలు, పక్క అక్షరం దూరం జరిగి మాట మధ్యలో సందు పడుతుంది, అందుకని దాన్ని నాలుగుసార్లు కత్తిరించాను.

స్మాల్ ఏ ఇంకో తలనొప్పి. నిలువులో దానికి రెండంతస్తులు, కింద చుట్టు, పైన కొక్కెం; ఇటాలిక్‌లో చుట్టు ఒక్కటే, చిన్న సైజులో ఓ లాగే కనబడుతుంది. మన ప, వ కూడా అంతే కదా, వలో ఎడమవైపు చుట్టు మూసి ఉంటుంది, పలో తెరిచి ఉంటుంది, ఆ సందు పూడితే తేడా పోయినట్టే. అందుకే ఏకి కుడివైపు గీతని నిటారుగా ఉంచి, పైమూల కోసుగా తీసి, కింద చిన్న కొక్కెం పెట్టాను.

సున్నాకీ, ఇంగ్లిష్ ఓకీ మధ్య గొడవ మాత్రం బ్యాంకు పనుల్లో అందరికీ తెలిసిందే. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నాయే, అయినా ఓ కొట్టేవాళ్లు ఎంతమందో. సున్నాలో ఏటవాలు గీత వేద్దామంటే, ఇటాలిక్‌లో అక్షరమూ గీతా ఒకే వైపు వాలిపోయి లోపలి ఖాళీ సన్నగా నలిగిపోతుంది. చుక్క పెట్టాను.

నిన్న బాబాయ్ బిల్లు కాగితం మీదే 8 పాయింట్ల సైజులో ప్రింట్ తీశాను. పిన్ని కళ్లజోడు లేకుండా ఎల్, ఒకటి, ఐ మూడూ సరిగ్గా చదివింది. సున్నా దగ్గర ఆగింది. ఆ పల్చటి గులాబీ కాగితం మీద సిరా పాకి చుక్క పక్కగీతకి అంటుకుపోయింది. చుక్క చిన్నది చెయ్యాలో, సున్నానే కొంచెం వెడల్పు చెయ్యాలో రేపు చూస్తాను.