ఎండు వెదురు మీద పచ్చటి వెలుగు: మూడో వారానికి ఎక్కడిదాకా వచ్చానంటే

ఉద్యోగం మీద షిల్లాంగ్ వచ్చి ఏడాదవుతోంది. ఈ వానాకాలం పెట్టుకున్న పని ఒకటే, రొరిడోమైసిస్ ఫిల్లోస్టాకిడిస్ అనే చిన్న పుట్టగొడుగుని వెతికి, అదేనా కాదా అని నేనే తేల్చుకోవడం. మేఘాలయలో ఎండిన వెదురు మీద మొలుస్తుంది, రాత్రి ఆకుపచ్చగా వెలుగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా ప్రకటించింది 2020లో. అక్కడి ఊళ్ళవాళ్ళకి మాత్రం ఎప్పటినుంచో తెలుసు, ఆ వెలిగే వెదురు ముక్కలు పట్టుకునే చీకట్లో నడిచేవాళ్ళట.

మొదటి వారం మౌలిన్నాంగ్ వైపు వెళ్ళాను. అడవి ఊరివాళ్ళది కాబట్టి ముందు ఊరిపెద్దని అడిగి, దారి తెలిసిన ఒకాయన్ని తోడు తీసుకున్నాను. అమావాస్య దగ్గర్లో వెళ్ళడం మంచిదైంది. టార్చ్ ఆపి కూర్చుంటే పావుగంట దాకా చీకటి తప్ప ఏమీ లేదు, ఆ తర్వాత కళ్ళు అలవాటు పడ్డాక వాగు పక్కన పడున్న వెదురు మీద సన్నటి పచ్చ గీతలు ఒక్కొక్కటే తేలాయి, నాకు నోట మాట రాలేదు. ఫోటోలన్నీ పైనుంచే తీశాను. పుట్టగొడుగు పైభాగం, అంటే గొడుగు, నల్లగా వచ్చింది, గుర్తుపట్టడానికి ఒక్కటీ పనికిరాలేదు.

రెండో వారం అందుకే ట్రైపాడ్ నేలకి ఆనించి పక్కనుంచి తీశాను. కెమెరాలో ఐఎస్ఓ 3200, ఎపర్చర్ 2.8, 30 సెకన్లు, చెయ్యి తగలకుండా టైమర్. అదే ఫ్రేములో కదపకుండా ఇంకోటి టార్చ్ వెలుగులో తీయాలి, ఇది మర్చిపోవద్దు, ఏ భాగం వెలుగుతోందో రెండూ పక్కన పెడితేనే తెలుస్తుంది. తేలిందేమిటంటే వెలిగేది కాడ మాత్రమే! గొడుగులో వెలుగు లేదు. మైసీనా క్లోరోఫోస్ అనే ఇంకో వెలిగే పుట్టగొడుగు అయితే గొడుగే బాగా వెలుగుతుంది, కాబట్టి అది కాదు. వెలిగే రకమే అయిన ఫిలోబొలీటస్ కూడా కాదు, దానికి గొడుగు కింద చిల్లులుంటాయి, దీనికి సన్నటి రేకులున్నాయి.

ఈ వారం పగలు వెళ్ళి కాడ ముట్టుకుని చూశాను. వేలికి జిగురు సాగింది. రొరిడోమైసిస్ ప్రజాతిలో కాడకి జిగురు ఉండటం ముఖ్యమైన గుర్తు, కానీ గట్టి వాన పడ్డాక చూస్తే పుట్టగొడుగులన్నీ తడితడిగానే ఉంటాయి కాబట్టి కాస్త తెరిపిచ్చాక చూడండి. రెండంటే రెండే కోశాను, వెదురు ముక్కతో సహా. ప్లాస్టిక్ కవర్లో వేస్తే త్వరగా కుళ్ళు పట్టేలా ఉంటాయి, కాగితం పొట్లమే మేలు. ఒకదాని గొడుగు గాజు పలక మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే తెల్లటి బీజాంశాల (పుట్టగొడుగు విత్తనాల్లాంటి సన్నటి పొడి) ముద్ర పడింది. రెండోది తేమ పీల్చే సిలికా జెల్‌లో ఆరబెట్టాను.

వెదురు, వెలిగే కాడ, జిగురు, తెల్ల ముద్ర అన్నీ కలుస్తున్నాయి. అయినా నోట్‌బుక్‌లో పేరు పక్కన ప్రశ్నార్థకం అలాగే ఉంచాను, డీఎన్ఏ చూడకుండా ఖాయం చేయడం సరికాదనిపిస్తోంది. ఆరబెట్టిన ముక్కని పరీక్షకి పంపాలి. ఈలోగా ఆ వెదురు ఏ రకమో ఆకులు, కణుపులు ఫోటో తీసి తెలుసుకోవాలి, వచ్చే శనివారం ఆ పని మీదే వెళ్తున్నాను.