నా లిస్ప్‌లో రెండు ‘పై’లు

దొరికింది! నేను సొంతంగా రాస్తున్న లిస్ప్ (ఒక ప్రోగ్రామింగ్ భాష)లో ఒక్కో పేరుకి ఒక్కటే సింబల్ (ఆ పేరుని సూచించే వస్తువు) ఇవ్వాల్సింది ఇంటర్న్ టేబుల్. ఒకే పేరుకి అది రెండు సింబల్స్ ఎందుకిస్తోందో ఇవాళ తేలింది.

ఒక ఫైల్లో ‘పై’ని 3.14159గా డిఫైన్ చేశాను. ఇంకో ఫైల్లో వాడితే ‘అన్‌బౌండ్ వేరియబుల్: పై’, అంటే ఆ పేరుకి విలువే లేదట. ప్రింట్ చేస్తే రెండూ అచ్చం ఒకటే, రెండూ ఒకే వస్తువా అని చూసే ఈక్యూ మాత్రం ఫాల్స్. ముందు గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఊడ్చేది) మీదే అనుమానం, సింబల్‌ని కదిపి టేబుల్లో పాత పాయింటర్ వదిలేస్తోందేమోనని. ఆపేసి చూశా, అదే ఎర్రర్. హ్యాష్ ఫంక్షన్ (టేబుల్లో పేరు ఎక్కడుండాలో లెక్కేసేది) మార్చినా అంతే. చివరికి పేర్లని బైట్లుగా డంప్ చేస్తే ఒకటి 6, ఇంకోటి 9!

యూనికోడ్‌లో (అక్షరాలకి నంబర్లిచ్చే ప్రమాణం) ఐత్వానికి సొంత కోడ్ ఉంది, దశాంశంలో 3144. ఎత్వం (3142), కింద వేసే ఐ గుర్తు (3158) విడివిడిగా కలిపినా తెర మీద అదే ‘పై’. ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని రాసే వేర్వేరు తీరుల్ని ఒకటి చేసే పద్ధతి) ఈ రెంటినీ 3144 చేసేస్తుంది. దీనికోసం ఐసీయూ అనే పెద్ద యూనికోడ్ లైబ్రరీ అంత బరువు అక్కర్లేదు, యూటీఎఫ్8ప్రాక్ అనే చిన్న లైబ్రరీ చాలు. జూలియా భాష వాడేదీ అదే.

ఈ నార్మలైజేషన్ ఎక్కడ చేయాలన్నదే అసలు ప్రశ్న. ఇంటర్న్‌లో చేస్తే, స్ట్రింగ్‌ని సింబల్ చేసి మళ్లీ స్ట్రింగ్ చేసినప్పుడు బైట్లు మారిపోతాయి. అది నాకు నచ్చదు. కామన్ లిస్ప్‌లో పేర్లని పెద్దక్షరాలుగా మార్చేది రీడరే (కోడ్ పాఠాన్ని చదివే భాగం), ఇంటర్న్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతుంది. ఆ విభజన సరైనది, నేనూ రీడర్లోనే పెట్టాను. ‘పై’ పని చేస్తోంది.

‘కౌంటర్’ ఇంకా మొండికేస్తోంది. కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు; కోడ్ 8204, 3 బైట్లు) చేరుస్తాయి. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ముట్టుకోదు. అన్నిచోట్లా తీసేస్తే ‘సాఫ్ట్‌వేర్’లో పొల్లు పోయి వత్తు పడుతుంది. పేరు చివర ఉన్నదాన్ని మాత్రం తీసేస్తే చాలనుకుంటున్నా, మధ్యలో ఉంటే వేరే సింబలే.

వీక్ టేబుల్ (ఎవరూ వాడని సింబల్స్‌ని వదిలేసేది) బాగా నడుస్తోంది. నిల్ విషయంలో స్కీమ్ (లిస్ప్‌లో ఒక రకం) దారే: ఖాళీ లిస్టు సింబల్ కాదు. తర్వాత జెన్‌సిమ్ (దేనితోనూ కలవని కొత్త సింబల్ పుట్టించేది), అది టేబుల్లోకి ఎక్కదు కాబట్టి తేలిక. ఆపైన క్లోజర్ (ఇంకో లిస్ప్)లోలా కీవర్డ్స్‌ని (తమనే సూచించుకునే పేర్లు) మాత్రమే ఇంటర్న్ చేసి, సింబల్స్‌కి మెటాడేటా (అదనపు వివరాలు) తగిలించే వెర్షన్ ఒకటి పక్కన కట్టి, ఈక్యూ వేగం ఎంత పడిపోతుందో కొలవాలి.