అంతరిక్ష కేంద్రం నుంచి జవాబులు మాత్రమే వినిపించిన పది నిమిషాలు: నా అనుభవం

అంతరిక్ష కేంద్రంలో ఉన్న మనిషి గొంతు నా చేతిలోని రేడియోలో నేరుగా విన్నాను. ఇంటర్నెట్ లేదు, టీవీ లేదు, పైనుంచి వచ్చిన తరంగం నా యాంటెన్నాకు తగిలింది, అంతే. నాలుగో ప్రయత్నంలో కుదిరింది. ముందు మూడుసార్లు ఎందుకు పోయిందో చెప్తే ఇంకొకరికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

ముందు విషయం ఏంటంటే, ఐఎస్ఎస్‌లో, అంటే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో, హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని సరదాగా మాట్లాడుకునే అభిరుచి రేడియో) ఉంటుంది. అంతరిక్షం నుంచి హామ్ రేడియోలో మొదట మాట్లాడింది అమెరికా వ్యోమగామి ఓవెన్ గారియట్, 1983లో కొలంబియా షటిల్ నుంచి. ఇప్పుడు స్టేషన్‌లో ఉండేవాళ్లు అప్పుడప్పుడు స్కూలు పిల్లలతో మాట్లాడతారు, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ప్రశ్న అడిగి 'ఓవర్' అంటారు, పైనుంచి జవాబు వస్తుంది. ఆ జవాబు 145.800 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎంలో దిగుతుంది కాబట్టి స్టేషన్ మన ఆకాశంలో ఉన్నంతసేపు మనకూ వినిపిస్తుంది. మాట్లాడాలంటే మాత్రం లైసెన్స్ కావాలి. ఇంకోటి, ఎక్కడో దూరంగా ఉన్న స్కూలు నుంచి ప్రశ్న వేరే ఫ్రీక్వెన్సీలో పైకి వెళ్తుంది, అది మన దాకా రాదు. అంటే మనకు దొరికేవి జవాబులే, ప్రశ్నలు ఊహించుకోవాలి. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

మొదటిసారి టైమ్ దగ్గర దెబ్బతిన్నాను. స్టేషన్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో నడుస్తుంది, షెడ్యూల్ కూడా అందులోనే ఇస్తారు. గంటలు సరిగ్గానే మార్చాను కానీ తేదీ మారిపోతుందని చూసుకోలేదు, ఒక రోజు ముందే మేడ ఎక్కాను. రెండోసారి స్క్వెల్చ్, అంటే ఉత్త హోరు వినిపించకుండా రేడియో నోరు మూసే సెట్టింగ్, తీయడం మర్చిపోయాను. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు స్క్వెల్చ్ దాన్ని చప్పుడు కింద లెక్కేసి మూసేస్తుంది, కాబట్టి పూర్తిగా తెరిచి ఆ హోరు భరించాల్సిందే. మూడోసారి రేడియోతో పాటు వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నాతోనే ప్రయత్నించాను. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి, ఒక్క వాక్యం కూడా పూర్తిగా అందలేదు, కానీ ఆ ముక్కలు విన్నాక ఇక వదలబుద్ధి కాలేదు.

అప్పుడు స్టీల్ కొలత టేపుతో యాంటెన్నా చేశాను. టేపును మీటరుకు అటూ ఇటూగా ఉండే పట్టీలుగా కత్తిరించి, ప్లాస్టిక్ పైపు మీద మూడు వరసలుగా బిగించడమే పని. చాలామందికి ఫెయిలయ్యేది ఒక్కచోట, టేపు మీది పసుపు పెయింట్ దగ్గర. అది పోయి లోపలి లోహం మెరిసేదాకా గీకకపోతే సోల్డర్ పట్టదు, పట్టినట్టు కనిపించి ఊడిపోతుంది. నాకు రెండుసార్లు ఊడింది.

నాలుగోసారి పాస్ (స్టేషన్ మన ఆకాశం మీదుగా దాటడం) మొదలయ్యే దిక్కు దిక్సూచితో చూసుకుని ఐదు నిమిషాల ముందే నిలబడ్డాను. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోయేది కాబట్టి దిగంతం నుంచి దిగంతం దాకా మనకు దొరికేది మహా అయితే పది నిమిషాలు. ఆ వేగానికి ఫ్రీక్వెన్సీ కూడా జరుగుతుంది, వచ్చేటప్పుడు మూడు కిలోహెర్ట్జ్ పైన, వెళ్లేటప్పుడు అంతే కింద. మొదటి నిమిషం హోరే. తర్వాత హోరు ఒక్కసారిగా తగ్గిపోయింది, ఎవరో తలుపేసినట్టు, అందులోంచి ప్రశాంతమైన గొంతు. గొంతు సన్నబడినప్పుడల్లా మణికట్టు తిప్పి యాంటెన్నా అడ్డంగా ఉన్నదాన్ని నిలువుగా చేస్తే మళ్లీ తేటపడేది.

"రోజుకు రెండు గంటలు, సెలవు రోజైనా సరే." ఇది వ్యాయామం గురించి అని వెంటనే తెలిసిపోయింది. చేయకపోతే బరువు మోసే ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా సాంద్రత కోల్పోతాయి. తర్వాత, "అవును, అదే నీళ్లు మళ్లీ తాగుతాం, రుచి బాగానే ఉంటుంది." మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ అన్నీ శుద్ధిచేసే యంత్రాల గురించి, 2023లో అవి 98 శాతం నీటిని తిరిగి రాబట్టే స్థాయికి చేరాయి. పడుకునే చోటు గురించి కాస్త ఎక్కువసేపు చెప్పారు, గోడకు కట్టిన సంచి, పక్కన ఎప్పుడూ తిరిగే ఫ్యాన్. అక్కడ వేడిగాలి పైకి లేవదు కదా, గాలి కదలకపోతే వదిలిన ఊపిరి మొహం ముందే పోగవుతుంది.

ఆ తర్వాత వచ్చిన జవాబు: "ముందు గాలి పీల్చే జాలీల దగ్గర చూస్తాం, సాధారణంగా అక్కడే దొరుకుతుంది."

దీనికి ప్రశ్న ఏంటా అని రెండు క్షణాలు ఆలోచించాను. ఏదైనా వస్తువు పోతే ఎక్కడ వెతుకుతారు అని! చేతిలోంచి జారింది కింద పడదు, గాలి ఎటు లాగితే అటు మెల్లగా తేలుతూ పోయి చివరికి ఫిల్టర్ జాలీకి అతుక్కుంటుంది. ఇది అడిగిన పిల్ల గానీ పిల్లాడు గానీ ఎవరో, ఇంట్లో పెన్సిల్ పోగొట్టుకుని తిట్లు తిన్నవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం. స్టేషన్ గురించి ఎంతో చదివాను, కానీ అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు అనిపించింది మాత్రం ఆ ఒక్క జవాబుతోనే.

చివరి జవాబు మొదలయ్యేసరికి యాంటెన్నా దాదాపు నేలకు సమాంతరంగా ఉంది. అక్కడ లేనివాటిలో దేని మీద బెంగ అని అడిగి ఉంటారు. "అన్నిటికంటే ఎక్కువ... వాన" అన్నారు, ఆ తర్వాత ఇంకేదో వాక్యం ఉంది. ఆ రికార్డింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చాలాసార్లు విన్నాను, వాన అన్న మాట దాకా తెలుస్తుంది, ఆ తర్వాత అంతా హోరే.