యూకలిప్టస్ నూనె, నా తొందరపాటు సంబరం

గోధుమల డబ్బాకి ముక్కు పురుగు పట్టిందని, దూదికి యూకలిప్టస్ నూనె అద్ది లోపల పెట్టి మూత వేశాను. మూడో రోజుకి పైన తిరిగేవన్నీ కాళ్లు ముడుచుకుని పడి ఉన్నాయి. ఎంత సంబరపడ్డానో! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను కూడా.

నెల తిరిగేసరికి మళ్లీ పాకుతున్నాయి.

తర్వాత చదివితే విషయం తెలిసింది. ఆడపురుగు గింజకు రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు పెరిగేదంతా గింజలోనే. వెచ్చగా ఉంటే ఇంచుమించు నెలలో పెద్దదై బయటికొస్తుంది. నూనెలోని సినియోల్ అనే ఘాటైన పదార్థపు ఆవిరి బయట తిరిగేవాటిని చంపినంత తేలిగ్గా లోపల దాక్కున్నదాన్ని చంపలేదు. పైగా ఆ ఆవిరిని కొంత గింజలే పీల్చుకుంటాయి. మూత వదులైతే మిగతాదీ గాల్లో కలిసిపోతుంది. నా డబ్బా మూత సంగతి చెప్పుకోకపోవడమే మంచిది.

లవంగ నూనె కూడా చూద్దామనుకున్నాను గానీ, ఆ ఘాటు గింజకు పట్టేస్తుందని భయపడి ఆగాను. ఈసారి గింజ పంటికింద పటుక్కుమనేదాకా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోశాను. తేమ 12 శాతం లోపుంటే పురుగు పెరగడం బాగా మందగిస్తుందట. దూది మాత్రం మళ్లీ పెట్టాను. రోజూ మూత తీసి చూడాలనిపిస్తోంది, అదే టెన్షన్.