మెడ ఆపరేషన్ అయినవాడిని పదిహేనో నంబర్లో తీసుకోవచ్చా?

2024 ఏప్రిల్ 26, శుక్రవారం. ఆ రోజు బెంగళూరులో పోలింగ్, ఆఫీసులకు సెలవు. మా ఓట్లు మాత్రం మా ఊళ్లలోనే ఉన్నాయి, అక్కడ పోలింగ్ మే 13న. కాబట్టి మా ఫ్లాట్‌లో ఎవరికీ ఏ పనీ లేదు, అయినా నలుగురం పొద్దున్న ఐదింటికే లేచి కూర్చున్నాం. అమెరికాలో గురువారం రాత్రి ఎనిమిదికి మొదలయ్యే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ టీములు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మనకి శుక్రవారం పొద్దున్న ఐదున్నరకి వస్తుంది మరి. అమెరికా క్లయింట్లతో రాత్రుళ్లు కాల్స్‌లో కూర్చుని కూర్చుని అంటుకున్న పిచ్చి ఇది, ఇంట్లోవాళ్లకి చెప్పినా అర్థం కాదు.

మా ఆట సింపుల్. 32 టీములు, మేం నలుగురం, తలా ఎనిమిది. ఎవరి టీముకి ఎవరిని తీసుకుంటామో ముందే షీట్‌లో రాసుకోవాలి. ఆ ఏడు ఇండియనాపోలిస్ కోల్ట్స్ నా వాటాలోకొచ్చింది, వాళ్ల నంబరు, అంటే ఎంచుకునే వంతు, 15. నా లిస్టులో డిఫెన్స్ ఆడే కాలేజీ కుర్రాడు లయాటు లాటు పేరు ఉంది, కానీ పక్కన ఎర్ర రంగు గడిలో ఒకే ఒక్క మాట: మెడ. ఇంకేం ఆలోచించకుండా కొట్టేసి అలబామా యూనివర్సిటీ కుర్రాడు డల్లస్ టర్నర్ పేరు రాశాను.

ఆ రోజు మొదటి పద్నాలుగు మందీ అఫెన్స్ (బంతితో దాడి చేసే వైపు) వాళ్లే పోయారు, అలా ఎప్పుడూ జరగలేదు. పన్నెండు నంబర్లు అయ్యేసరికే, బంతి విసిరి ఆట నడిపే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లిపోయారు. అంటే కోల్ట్స్ ముందు డిఫెన్స్ వాళ్లందరూ వరసగా నిలబడి ఉన్నారు, ఎవర్ని కావాలంటే వాళ్లని తీసుకోవచ్చు. తీసుకున్నది లాటుని. మా అనంతపురం బావ (వరసకి బావేం కాదు, ఊరికే అలా పిలుచుకుంటాం) కాఫీ గ్లాసు పెట్టేసి, "నేను మొన్నే చెప్పాను కదరా, వాడి చేతులు చూడు, మెడ కాదు" అన్నాడు. ఆ మాట అప్పుడు ఒళ్లు మండించింది కానీ ఇప్పుడు దాని గురించే రాస్తున్నాను.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పాస్ రషర్ అంటే బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్ మీదకి అంచు నుంచి దూసుకెళ్లేవాడు. అడ్డంగా నూట నలభై కిలోల మనిషి ఉంటాడు. ఉన్న టైము రెండున్నర, మహా అయితే మూడు సెకన్లు. ఆలోపు అతన్ని దాటి, ఒళ్లంతా లోపలికి వంచి మలుపు తిరిగి క్వార్టర్‌బ్యాక్‌ని పడేస్తే సాక్. క్వార్టర్‌బ్యాక్ తర్వాత ఈ ఆటలో ఎక్కువ డబ్బు వచ్చే పనుల్లో ఇదొకటి. అందుకే మంచివాడు దొరకడం కష్టం, దొరికినవాడికి ఏదో ఒక చోట కుట్లు ఉంటాయి.

ఇక లాటు కథ. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఉండగా 2020లో ప్రాక్టీసులో మెడకి దెబ్బ తగిలింది. ఎముకలు కలిపేసే ఫ్యూజన్ ఆపరేషన్ అయ్యింది. అక్కడి డాక్టర్లు ఇక ఆడనివ్వం అన్నారు, ఇరవై ఏళ్లకే రిటైర్‌మెంట్. కుర్రాడు ఊరుకోలేదు, లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ వాట్కిన్స్ అనే వెన్ను డాక్టర్ దగ్గరికెళ్లి చూపించుకుంటే ఆయన ఆడొచ్చు అన్నాడు. ఆ తర్వాత యూసీఎల్ఏలో (లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ) చేరి 2022లో 10.5 సాక్‌లు, 2023లో 13. దేశంలోనే ఉత్తమ లైన్ ఆటగాళ్లకిచ్చే లొంబార్డి అవార్డు కూడా వచ్చింది.

తమాషా ఏంటంటే, ఈ వాట్కిన్స్ 2011లో పేరున్న క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడకి ఫ్యూజన్ చేసిన డాక్టరే. మానింగ్ అప్పుడు ఆడుతున్న టీము ఏది? కోల్ట్స్. ఆ సీజనంతా ఆడలేకపోయిన మానింగ్‌ని 2012 మార్చిలో వదిలేసింది కూడా ఆ కోల్ట్సే (ఇవ్వాల్సిన పెద్ద బోనస్, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో చేతికందబోతున్న మొదటి నంబరు లాంటి వేరే లెక్కలు కూడా ఉన్నాయనుకోండి). ఆయన డెన్వర్ వెళ్లి 2013లో ఎంవీపీ (లీగ్‌లో ఉత్తమ ఆటగాడు) అయ్యాడు, తర్వాత సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) కూడా గెలిచాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ టీమే, ఆ డాక్టరే సరేనన్న ఇంకో మెడని ఏరి కోరి తీసుకుంది. ఇది నాకు ముందు తెలిసుంటే ఎర్ర రంగు వేసేవాణ్ని కాదేమో.

నా గొడవంతా "తరచూ గాయాలపాలవుతాడు" అనే మాటతోనే. ఆ మాటలో ఏం పడితే అది కలిపేస్తాం. ఇంకో పాస్ రషర్ జేలన్ ఫిలిప్స్‌ని చూడండి. 2017లో హైస్కూల్ నుంచి వచ్చినప్పుడు దేశంలోనే నంబర్ వన్ అన్నారు. అదే యూసీఎల్ఏలో చేరాడు, తలకి దెబ్బలు తగిలి కంకషన్లు వచ్చాయి, చీలమండ పోయింది, మణికట్టు పోయింది. ఆ మణికట్టు ఎలా పోయిందో తెలుసా? స్కూటర్ మీద వెళ్తుంటే కారు గుద్దింది! బెంగళూరు సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర స్కూటర్ మీంచి పడ్డవాణ్ని వీడిది గాయాల ఒళ్లు అంటామా? అది ఆట చేసిన గాయం కాదు, మళ్లీ వస్తుందని లెక్క వేయడానికి అందులో ఏమీ లేదు. కంకషన్లు వేరు, అవి నిజంగా భయపడాల్సినవి, ఒకసారి వస్తే రెండోసారి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఈ రెండింటినీ ఒకే గడిలో రాస్తే ఆ గడి ఉండీ లాభం లేదు.

ఫిలిప్స్ కూడా 2018 చివర్లో రిటైరయ్యాడు, మయామీ యూనివర్సిటీకి మారి ఒక ఏడాది కూర్చుని 2020లో పది మ్యాచ్‌ల్లో 8 సాక్‌లు చేశాడు. ఒకడు యూసీఎల్ఏలో ఆట మానేసి బయటికెళ్లి బతికాడు, ఇంకొకడు బయట ఆట మానేసి యూసీఎల్ఏకొచ్చి బతికాడు, చూశారా. 2021లో మయామీ డాల్ఫిన్స్ అతన్ని 18వ నంబర్లో తీసుకుంది. మొదటి ఏడాదే 8.5 సాక్‌లు. తల బాగానే ఉంది, మణికట్టు బాగానే ఉంది. 2023 నవంబర్లో న్యూయార్క్ జెట్స్ మీద ఆడుతూ అకిలీస్ తెగింది, మడమ వెనక ఉండే ఆ లావు టెండన్. అది మానాక 2024లో నాలుగో వారానికే మోకాలు. 2025 నవంబర్లో మూడో రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఒక వంతు) ఒకటి తీసుకుని ఫిలడెల్ఫియాకి ఇచ్చేశారు.

మా గుంటూరు తమ్ముడు ఇక్కడ గెలిచినట్టు చూస్తాడు. "చూశావా అన్నా, చివరికి గాయాలే కదా." కాదురా. 2021లో డాక్టర్లు భయపడింది తల గురించి. పోయింది కాలు. ఆ రిపోర్టు చూసి వద్దన్నవాళ్లు తప్పు కారణంతో వద్దన్నారు, ఫలితం అనుకోకుండా కలిసొచ్చింది. నేనైతే అదే కుర్రాణ్ని అదే 18వ నంబర్లో మళ్లీ తీసుకుంటాను. రెండు పూర్తి సీజన్లు, మూడోదాంట్లో సగం, అదీ తక్కువ జీతానికి. ఆ నంబర్లో పోయినవాళ్లలో ఎంతమంది అంత ఇస్తారు?

మోకాలి సంగతి నాకు సొంత అనుభవం. 2022లో హెచ్‌ఎస్‌ఆర్‌లో రాత్రిపూట టర్ఫ్ మీద ఫుట్‌బాల్ ఆడుతూ ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెంచుకున్నాను, ఎవరూ గుద్దలేదు, ఏమీ లేదు, ఒక్కణ్నే తిరగబోయి పడ్డాను. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలకి తిన్నగా పరుగెత్తాను, వీడియో తీసి అమ్మకి కూడా పంపాను. కానీ ఎడమ వైపు తిరగాలంటే మాత్రం ఏడాదిన్నర దాకా కాలు ముందే చెప్పేది, వద్దని. ఫిజియో నొప్పి గురించి పెద్దగా అడిగేవాడు కాదు, ఏ పని చేయలేకపోతున్నావో చెప్పు అనేవాడు. అప్పటి నుంచి నేను కుర్రాళ్ల వీడియోలు చూసే పద్ధతే మారిపోయింది. తిన్నగా నలభై గజాలు ఎంతలో పరుగెత్తాడన్నది గాయం తర్వాత నాకు పెద్దగా ఏమీ చెప్పదు. బయటి అంచు నుంచి తిరిగేటప్పుడు లోపలి కాలి మీద బరువు వేస్తున్నాడా, లేక ఆ కాలు తగిలించి తీసేసి రెండు అడుగులు ఎక్కువ వేస్తున్నాడా? గాయానికి ముందు తిరిగినంత దగ్గరగా తిరుగుతున్నాడా? మూడో క్వార్టర్ దాకా బాగుండి నాలుగో దాంట్లో నెమ్మదిస్తున్నాడా? సాక్‌లు లెక్కపెట్టడం కంటే ఇది నయం, ఎందుకంటే సాక్ ఒక్కోసారి అదృష్టం, క్వార్టర్‌బ్యాక్ తనంతట తనే వచ్చి ఒళ్లో పడతాడు.

మా తాత ఎద్దుల్ని కొనేటప్పుడు పళ్లు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, కానీ డబ్బు ఇచ్చేముందు మాత్రం నడిపించి చూడాల్సిందే. నిలబడ్డ ఎద్దు ఏదీ కుంటదు అనేవాడు. ఫిబ్రవరి చివర్లో ఇండియనాపోలిస్‌లో జరిగే కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లని పరీక్షించే క్యాంపు) అచ్చం ఆ సంతే. టీవీలో మనకి చూపించేది పరుగులూ గెంతులే కానీ టీములు అసలు వెళ్లేది డాక్టర్ గది కోసం. ప్రతి కీలూ లాగి చూస్తారు, స్కానింగులు తీస్తారు, అనుమానం ఉన్నవాళ్లని ఏప్రిల్‌లో మళ్లీ పిలుస్తారు. అక్కడ ఏం తేలిందో బయటికి చెప్పరు, సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేసినట్టే. కాబట్టి నాలాంటివాడు బీటీఎం లేఅవుట్‌లో కూర్చుని మెడ బాగుంది, బాలేదు అని తీర్పు చెప్పడం కామెడీ. నాకు కనిపించేది నడక ఒక్కటే.

లాటు నడకలో ఏముంది? అక్కడే బావ గెలిచాడు. లాటు మెరుపు వేగం మీద ఆడేవాడు కాదు, చేతులు కూడా ఆ పనికి కాస్త పొట్టి అని స్కౌట్లు (ఆటగాళ్లని చూసి అంచనా వేసేవాళ్లు) అన్నారు. కానీ ఎదుటివాడి చేతుల్ని కొట్టి పక్కకి నెట్టడం, అటు చూపించి ఇటు రావడం, ఒకటి పనిచేయకపోతే వెంటనే రెండోది తీయడం, అవన్నీ నేర్చుకున్న విద్యలు. మెడ ఆపరేషన్ వాటిని ఏమీ చేయలేదు. అదే మోకాలో మడమో పోయి, ఆడేదంతా మొదటి అడుగు మీదే అయితే గాయం అతని సొమ్ములోంచే తీసుకుంటుంది. మెడది వేరే లెక్క, ఉంటే పూర్తిగా ఉంటాడు, పోతే ఒక్క దెబ్బతో పోతాడు, మెల్లగా తరిగిపోవడం తక్కువ. అలాంటిది మన డాక్టర్ కాదంటే చివరిదైన ఏడో రౌండ్లో కూడా వద్దు, అవునంటే మాత్రం తగ్గించి బేరమాడటం ఏంటో నాకు అర్థం కాదు.

మోకాలికైతే బేరం ఉంది. పాస్ రషర్ నిక్ బోసా 2020లో ఏసీఎల్ పోగొట్టుకుని తర్వాతి ఏడాది 15.5, ఆ పై ఏడాది 18.5 సాక్‌లు చేశాడు, కానీ అందరూ బోసాలు కారు. 2022లో డేవిడ్ ఒజాబో డ్రాఫ్ట్‌కి నెల ముందు స్కౌట్ల కళ్ల ముందే అకిలీస్ తెంచుకుని మొదటి రౌండ్ నుంచి 45కి జారిపోయాడు, బాల్టిమోర్ తీసుకుంది. ఆ ధర నాకు న్యాయంగానే అనిపించింది. మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. 2022 ఫిబ్రవరిలో ఇక్కడే, మన బెంగళూరులోనే జరిగిన ఐపీఎల్ వేలంలో జోఫ్రా ఆర్చర్ ఆ ఏడాది ఆడడని తెలిసీ ముంబై ఎనిమిది కోట్లు పెట్టింది. 2023లో ఐదు మ్యాచ్‌లు ఆడి రెండు వికెట్లు తీసి మళ్లీ గాయంతో వెళ్లిపోయాడు. ఆర్చర్ మీద ఆశ పడటం తప్పని నేను అనను, ఎనిమిది కోట్లు తప్పు.

లాటు మొదటి సీజన్లో పదిహేడు మ్యాచ్‌లూ ఆడాడు, నాలుగు సాక్‌లు. మెడ ఏమీ కాలేదు. ఆ ఏడాది ఉత్తమ కొత్త డిఫెండర్ అవార్డు మాత్రం 19లో పోయిన జారెడ్ వర్స్‌కి వెళ్లింది, మా నలుగురిలో ఎవరూ కోల్ట్స్‌కి అతన్ని రాయలేదు. బావ ఆ సంగతి ఎత్తడు.

ఇప్పుడు నా షీట్‌లో గాయాల గడిని మూడుగా చీల్చాను. ఏ భాగం, ఎలా తగిలింది, తగిలాక ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు. 2024 షీట్‌లో ఎర్ర రంగు గడి మాత్రం అలాగే ఉంది. మొన్న చెరిపేద్దామని ఓపెన్ చేస్తే, బావ అప్పటికే దాన్ని లాక్ చేసి పెట్టాడు.