ఫ్రేములో ఎడమ వైపు

2014 జులైలో షాద్‌నగర్ దగ్గర మా ఊరి పొలం గెట్టును ఫోటో తీశాను. అప్పుడే కొన్న కెమెరా, 35 ఎంఎం లెన్స్. వరుసగా పదకొండు తాడిచెట్లు, కమ్మలకు వేలాడే గిజిగాడి గూళ్లు. గొప్ప ఫోటో ఏం కాదు, గెట్టు కాస్త వంకరగా కూడా వచ్చింది.

ఇప్పుడక్కడ ఒక్కటే తాడిచెట్టు. మిగతాదంతా వెంచర్. మట్టిరోడ్లు, ప్లాట్ల హద్దులకు పాతిన సున్నం పూసిన కడీలు, చిరిగిన ఫ్లెక్సీ.

మొదట్లో ఆ ఒక్కదాన్నే జూమ్ చేసి తీసేవాణ్ణి. పొద్దున మంచులో నల్లగా, నిటారుగా భలే ఉండేది. అడ్డొచ్చిన కడీలను లైట్‌రూమ్‌లో చెరిపేసేవాణ్ణి. లైకులకు లోటు లేదు. "ఎంత ప్రశాంతంగా ఉందో" అని ఎవరో రాస్తే మాత్రం మింగుడు పడలేదు. జేసీబీ తిరిగిన జాడ చెరిపింది నేనే కదా.

ఇదొక్కటే ఎట్లా మిగిలిందని కల్లు గీసే తాతను అడిగాను. "ప్లాట్లల్ల పడలే బిడ్డా, రోడ్డవతల పడ్డది. పోతుతాడు, కాయ కాయదు" అన్నాడు. ఆయన మోకు అటకెక్కి చాలా ఏళ్లయింది.

హైదరాబాద్ పక్కన అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేస్తామంటే, సుమారు 900 మర్రిచెట్ల కోసం జనం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా పోయారు. మంచిపనే. మా గెట్టు తాళ్ల కోసం ఎవరూ పోలేదు, నాతో సహా. తాడిచెట్టు కొట్టాలంటే ఎక్సైజ్ అనుమతి ఉండాలని కూడా నాకు తర్వాతే తెలిసింది.

మొన్న జనవరిలో పాత ప్రింట్ పట్టుకుని వెళ్లాను. అదే లెన్స్, అదే కల్వర్టు. వెనకాల గుట్ట రెండు ఫోటోల్లోనూ ఒకేచోట పడేదాకా అటూ ఇటూ జరిగి తీశాను. చెట్టు కుడి అంచుకు పోయింది. ఎడమంతా ఆకాశం, కింద కడీలు. ఈసారి ఒక్కటీ చెరపలేదు. "చెట్టును కొంచెం లోపలికి తెచ్చి క్రాప్ చెయ్యరా" అన్నాడు ఫ్రెండు. చెయ్యలేదు.

ఇంట్లో గోడకు పెడితే అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. ఖాళీ ఆకాశం మీద వేలు పెట్టి, "ఇగో, ఈడ నాలుగోది. దీని ముంజలంటేనే నీకు ఇష్టముండె" అంది. వేలు ఇంకాస్త ఎడమకు జరిపింది. "ఇది పిడుగు పడ్డది."