కౌంటర్ ఉద్యోగం నా స్వభావానికి సరిపడుతుందా? నా అనుభవం

"నువ్వసలే మాట్లాడవు, కౌంటర్‌లో ఎలా నెగ్గుకొస్తావ్?" క్లర్కు ఉద్యోగాలకు దరఖాస్తు పెడుతున్నానని చెబితే తెలిసినవాళ్లందరూ ఇదే అడిగారు. జనంతో పనంటే మాటకారితనం ఉండాలని చాలామంది నమ్మకం. అది ఎంతవరకు నిజమో తేల్చుకుందామనే స్వభావ పరీక్షలు రాయడం మొదలుపెట్టాను.

మొదట రాసింది ఎంబీటీఐ. మన స్వభావం ఏ రకమో నాలుగక్షరాల కోడ్‌తో చెబుతుంది, మొత్తం 16 రకాలు. అంతర్ముఖిని అని తేలింది. అది నాకు ముందే తెలుసు. ఆ పరీక్షను ప్రచురించేవాళ్లే నియామకాలకు దాన్ని వాడొద్దంటారు. మధ్యస్తంగా స్కోరు వచ్చినవాళ్లు కొన్నాళ్లాగి మళ్లీ రాస్తే అక్షరం మారిపోవచ్చు కూడా. అందుకే దాన్ని అక్కడితో వదిలేశాను.

నాకు నిజంగా పనికొచ్చింది హాలండ్ కోడ్. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ప్రతిపాదించి, తర్వాత మెరుగుపరుస్తూ వచ్చిన పద్ధతి ఇది. ఇందులో ఆసక్తులు ఆరు రకాలు: చేతిపని, పరిశోధన, కళ, సేవ, ఒప్పించి నడిపించడం, పద్ధతిగా చేసుకుపోవడం. వీటిని ఇదే వరుసలో ఒక షట్కోణం మూలల్లో పెడతారు. పక్కపక్క మూలలకు పోలిక ఎక్కువ, ఎదురెదురు మూలలకు తక్కువ. అమెరికా కార్మిక శాఖ వారి ఓనెట్ అనే ఉద్యోగ సమాచార వెబ్‌సైట్‌లో 60 ప్రశ్నల పరీక్ష ఉచితంగానే ఉంది. రాసేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. అది అడిగేది ఆ పని మనకు ఇష్టమా కాదా అని మాత్రమే. చేతనవునా, జీతమెంత వస్తుంది, ఇంట్లో ఏమంటారు అన్నవి మనసులో పెట్టుకుని టిక్కులు పెడితే ఫలితం మనది కాకుండా పోతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది పద్ధతి, దాని తర్వాత సేవ. ఒప్పించడం మాత్రం బాగా అడుగున ఉంది. ఇక్కడే చిక్కొచ్చి పడింది. షట్కోణంలో పద్ధతికీ సేవకూ సరిగ్గా మధ్యలో ఉన్న మూల ఈ ఒప్పించడమే! పైగా కౌంటర్ క్లర్కుల ఉద్యోగాలకు ఓనెట్ ఇచ్చే కోడ్‌లలో, అంటే ఆ పనికి సరిపడే ఆసక్తుల్లో, పద్ధతితో పాటు తరచూ కనిపించేది కూడా అదే. అంటే ఈ దారి నాది కాదా? కాగితం మీది కోడ్ చూసి తేల్చడం ఇష్టంలేక, ఒక కార్యాలయంలో అనుమతి అడిగి ఒక సీనియర్ క్లర్కు పక్కన కూర్చుని పని చూశాను.

ఆవిడ మాటకారి కాదు. ఒక పెద్దాయన ఫారం తెచ్చి ఇచ్చారు, ఒక చోట సంతకం లేదు. వెనకాల క్యూ అసహనంగా కదులుతోంది. ఆవిడ ఫారాన్ని ఆయన వైపు తిప్పి, ఖాళీ గడి పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, "ఇక్కడొక్క సంతకం చేయండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. అంతే. ఆయన సంతకం చేస్తున్నంతసేపూ ఆవిడ జతపరిచిన కాగితాలు సరిచూసుకుంటూనే ఉన్నారు. ఎక్కడా తొందర పెట్టలేదు, విసుక్కోలేదు. ఆ టిక్కులో పద్ధతీ ఉంది, సేవా ఉంది. ఒప్పించాల్సిన అవసరమే రాలేదు.

క్యూ పలచబడ్డాక అడిగాను: "మేడమ్, రోజంతా ఇలా కూర్చుంటే అలసట రాదా?"

"ఫారాలతో రాదు బాబూ. లేని నవ్వు తెచ్చిపెట్టుకున్న రోజున వస్తుంది" అన్నారు.

ఆవిడన్న దాన్ని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమాన సిబ్బందినీ బాకీలు వసూలు చేసేవాళ్లనూ పరిశీలించి వివరంగా రాశారు. జీతం కోసం భావాలను అదుపులో పెట్టుకోవడం కూడా శ్రమేనని ఆమె వాదన. పైపైన నటించడం వేరు, ఆ భావాన్ని లోపల కూడా తెచ్చుకోవడం వేరని ఆమె విడదీసి చూపారు.

ఆ తర్వాత ప్రకటనలను వేరే కళ్లతో చదవసాగాను. క్లర్కు అని ఒకే పేరున్నా, కొన్ని కౌంటర్లలో వచ్చినవాళ్లకు అదనంగా ఏదో ఒకటి అంటగట్టాలి, నెలకింత అని టార్గెట్ ఉంటుంది. కొన్నిట్లో ఫిర్యాదులు వినడమే పని. ఇంకొన్నిట్లో దరఖాస్తులు, రసీదులు, రికార్డులు. మొదటి రకంలో నేను ఎక్కువ కాలం నిలవలేను. మూడో రకం నాకోసమే ఉన్నట్టుంది. మితభాషిననే భయం కూడా తగ్గింది. బారిక్, మౌంట్ అనే పరిశోధకులు 1991లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, రకరకాల వృత్తులన్నిటిలోనూ పనితీరుతో నిలకడగా ముడిపడి కనిపించిన గుణం బాధ్యతగా, క్రమంగా పనిచేయడం. కలివిడితనం ముఖ్యంగా మేనేజర్లకూ సేల్స్ వాళ్లకూ పనికొచ్చింది.

ఇంటర్వ్యూలో "మీరు అడగాల్సిందేమైనా ఉందా?" అన్నప్పుడు రెండే అడిగాను: రోజులో జనంతో ఎంతసేపు, రికార్డులతో ఎంతసేపు? అమ్మకాల టార్గెట్ ఏమైనా ఉందా? పొద్దున కౌంటర్, మధ్యాహ్నం నుంచి ఎక్కువగా ఫైళ్లు, టార్గెట్లు లేవు అన్నారు. జీతం ఇంకోచోట కాస్త ఎక్కువే ఇస్తామన్నా, ఇందులోనే చేరాను.